ఇనుప ఇన్సర్ట్ సంగతి తరవాత, ముందు పొగగొట్టం సంగతి చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు. పలమనేరు దగ్గర మా తోటలో తాతగారి కాలం నాటి మద్రాసు మిద్దె ఇల్లు ఉంది. హాలులో ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఉన్నా, ఎప్పుడు మంట వేసినా గదంతా పొగ కమ్ముతుండడంతో ముప్పై ఏళ్ళుగా దాన్ని వాడడం లేదు. దాని నోరు 42 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు. పొగగొట్టం లోపల 9 అంగుళాల చదరం. గది నేల నుంచి పైకొన వరకు 16 అడుగులు, అందులో మిద్దె మీద కనిపించేది 3 అడుగులు. దానికి 8 అడుగుల దూరంలో మేము తరవాత కట్టించిన గది పొగగొట్టం కంటే 5 అడుగులు ఎత్తుగా ఉంది. ఇటీవల బెంగళూరులో పాత సామాన్ల కొట్టులో, ఫైర్‌ప్లేస్ నోట్లో అమర్చే పోత ఇనుప చట్రం (ఇన్సర్ట్) ఒకటి కొన్నాము. తలుపు లేదు, ముందు కడ్డీలు, కింద బూడిద అర ఉన్నాయి. ముందు పలక 36 అంగుళాల చదరం, మంట నోరు 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. వెనక పలకలో సన్నని పగులు ఉంది. మా బేల్దారి మేస్త్రీ రెండు రోజుల్లో సిమెంటుతో బిగించేస్తానని, భోగికి మంట వేసుకోవచ్చని అంటున్నాడు. చలికాలంలో మా అమ్మగారు అక్కడే ఉంటారు. ఆమెకు 81 ఏళ్ళు, కొద్దిగా ఆయాసం. మేస్త్రీ మాట మీద పని మొదలుపెట్టవచ్చా?

సమాధానం: నమస్కారం. మీ మేస్త్రీ చెప్పిన రెండు రోజుల లెక్కలో తప్పు లేదు. ఆ ఇనుప చట్రాన్ని గోడకు ఆనించి బిగించడానికి నిజంగానే రెండు రోజులు చాలు. కాని అది మొత్తం పనిలో చివరి పని. దానికి ముందు జరగవలసినవి మీ ఉత్తరంలోని కొలతలలోనే ఉన్నాయి. ఇంత శ్రద్ధగా కొలిచి రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి, ఎందుకంటే మీ తాతగారి పొయ్యి ఇన్నేళ్ళుగా ఎందుకు పొగ కక్కుతున్నదో ఆ అంకెలే చెబుతున్నాయి.

తెరిచి ఉండే పొయ్యికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క ఒకటి ఉంది: పొగగొట్టం లోపలి వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలి. మీ పొయ్యి నోరు 42ను 36తో గుణిస్తే 1,512 చదరపు అంగుళాలు. పొగగొట్టం 9ని 9తో గుణిస్తే 81. అంటే సుమారు పంతొమ్మిదో వంతు మాత్రమే. అంత పెద్ద నోటి గుండా గదిలోని గాలి లోపలికి పోతుంటే, అంత ఇరుకు గొట్టం దాన్నంతా పైకి లాగలేదు. లాగలేని గాలి పొగను వెంటబెట్టుకుని గదిలోకే తిరిగి వస్తుంది. ఇప్పుడు మీరు కొన్న ఇన్సర్ట్ నోరు చూడండి: 16ను 20తో గుణిస్తే 320. అదే పొగగొట్టం దీనికి నాలుగో వంతు అవుతుంది, అంటే కావలసినదానికంటే ఎక్కువే. కాబట్టి మీరు అందం కోసం కొన్న ఈ వస్తువు మీ పొయ్యి జబ్బులో సగానికి మందు కూడా. 1796లో కౌంట్ రంఫర్డ్ అనే శాస్త్రవేత్త పొగ కక్కే పొయ్యిలకు చెప్పిన వైద్యమూ ఇదే: నోరు తగ్గించడం, పక్క గోడలను ఏటవాలుగా తిప్పడం, పొగ పైకెక్కే గొంతును సుమారు 4 అంగుళాలకు ఇరుకు చెయ్యడం. పోత ఇనుప ఇన్సర్టులలో ఈ ఆకారమంతా మూసలోనే పోసి వస్తుంది. ఈ సూత్రం మనకు కొత్త కూడా కాదు. చిత్తూరు వైపు బెల్లం వండే పొయ్యిలు కట్టే పనివారిని అడిగితే, గొట్టానికి తగ్గ నోరు పెట్టకపోతే మంట వెనక్కి తంతుందని అంకెలతో పని లేకుండానే చెబుతారు. మీ మేస్త్రీకి తోడుగా అటువంటి పనివాడిని ఒకరిని పిలిపించుకోగలిగితే చాలా మంచిది.

జబ్బులో మిగిలిన సగం మిద్దె మీద ఉంది. పొగగొట్టం కొన మిద్దెను దాటి కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న ఏ కట్టడం కంటేనైనా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. మొదటి షరతు మీ ఇంట్లో సరిపోయింది. రెండోది మాత్రం మీరు కొత్త గది కట్టిన రోజున తప్పిపోయింది. గాలి ఆ గది గోడకు కొట్టుకుని కిందికి దిగినప్పుడల్లా పొగగొట్టం నోట్లోకి తోస్తుంది. మీరు ఎంత గొప్ప ఇన్సర్ట్ పెట్టినా ఆ తోపును అది ఆపలేదు. కనుక పొగగొట్టం మరో 7 అడుగులు పెరగాలి. దాన్ని ఇటుకతో పెంచుతామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఇటుక పొగగొట్టం కప్పు మీద దాని సన్నని పక్క వెడల్పుకు నాలుగున్నర రెట్లకు మించి లేవకూడదని ఇంగ్లండు కట్టడ నియమాలు చెబుతాయి. 9 అంగుళాల గొట్టానికి రెండు పక్కలా నాలుగున్నర అంగుళాల గోడ వేస్తే బయటి వెడల్పు 18 అంగుళాలు, దానికి నాలుగున్నర రెట్లు 81 అంగుళాలు, అంటే 7 అడుగులకు కాస్త తక్కువ. మీకు కావలసింది మొత్తం 10 అడుగులు. తుపాను గాలులు వీచే మన ప్రాంతంలో అంత సన్నని ఇటుక స్తంభాన్ని ఒంటరిగా నిలబెట్టడం మంచిది కాదు. ఆ పై భాగాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంతో పెంచి, మూడు వైపులా తీగలతో లాగి కట్టించండి.

స్టీలు గొట్టం మాట ఎలాగూ వచ్చింది కనుక అసలు విషయం చెబుతాను. ముప్పై ఏళ్ళు వాడని పొగగొట్టం ఖాళీగా ఉండదు. పావురాలు, గోరువంకలు గూళ్ళు పెట్టి ఉంటాయి, తేనెతుట్టె ఉండవచ్చు, పాము కూడా ఉండవచ్చు. ముందుగా పై నుంచి తాడుకు బరువు, గట్టి బ్రష్ కట్టి దింపి శుభ్రం చేయించి, ఆ తరవాత పొగ పరీక్ష చెయ్యండి. ఒక ఇనుప బాణలిలో నాలుగు నిప్పులు వేసి, వాటి మీద తడి గడ్డి, వేపాకు వేసి పొయ్యిలో పెట్టి, పొగ బాగా లేచాక పైకొనను తడి గోనెసంచితోనూ, పొయ్యి నోటిని రేకుతోనూ మూయండి. అప్పుడు ఒకరు ఇంట్లో ప్రతి గదిలోకీ, ఒకరు మిద్దె మీదికీ వెళ్ళి గోడల్లో ఎక్కడైనా పొగ చిమ్ముతున్నదేమో చూడాలి. పరీక్ష జరుగుతున్నంతసేపు కిటికీలు తెరిచి ఉంచండి, అమ్మగారిని ఆ ఇంట్లో ఉండనివ్వకండి. పాత సున్నపు కట్టుబడిలో దర్జులు, అంటే ఇటుకల మధ్య సున్నం, రాలిపోవడం మామూలే. ఆ సందుల గుండా పొగతోపాటు వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా పడక గదిలోకి రాగలదు.

ఈ పరీక్షతో తేలని ప్రమాదం ఇంకొకటి ఉంది. మద్రాసు మిద్దె అంటే టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుక, పైన సున్నం. ఆ దూలాల చివరలు పొగగొట్టం గోడలోకి దూర్చి ఉన్నాయేమో చూడాలి. కర్రకు నేరుగా మంట తగలనక్కరలేదు. ఏళ్ళ తరబడి వేడి తగులుతూ ఉంటే కర్ర లోలోపల బొగ్గులా మారి, మామూలు కర్ర అంటుకోని వేడికే ఒకనాడు అంటుకుంటుంది. పొగగొట్టం గోడకూ కర్రకూ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. హాలు పైకప్పులో పొగగొట్టం పక్కన సున్నం కాస్త చెక్కి చూస్తే సంగతి తెలిసిపోతుంది. దూలం లోపలికి దూరి ఉంటే, తెలిసిన ఇంజనీరును పిలిచి దూలాన్ని వేరే ఆధారం మీదికి మార్పించే దాకా ఆ పొయ్యిలో అగ్గిపుల్ల కూడా గీయకండి.

నా సలహా ఏమిటంటే, పొగ పరీక్షలో గొట్టం నెగ్గినా సరే, పై నుంచి కింది దాకా 8 అంగుళాల గుండ్రని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దింపించండి. ఎలాగూ పైన 7 అడుగులు పెంచాలి కనుక మిగిలిన భాగానికీ అదే పనివారు చేస్తారు. 8 అంగుళాల గుండ్రని గొట్టం వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. మీ 320 అంగుళాల నోటికి అది ఆరో వంతుకు దగ్గర, కాబట్టి లోటు లేదు. 316 రకం స్టీలు అయితే మసిలోని ఆమ్లాలకు బాగా తట్టుకుంటుంది. ముక్కలను కలిపేటప్పుడు పై ముక్క కొన కింది ముక్క లోపలికి దిగాలి, అప్పుడే కారే తారు గొట్టం లోపలే ఉంటుంది. తలకిందులుగా కలిపితే తారు బయటికి కారి ఇటుకలో ఇంకుతుంది. జింకు పూత ఉన్న జీఐ గొట్టం వద్దు. పల్లెల్లో పొగగొట్టాలకు వాడే ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు అసలే వద్దు. గట్టిగా వేడెక్కితే అది పేలి ముక్కలవుతుంది. పైన వాన పడకుండా టోపీ, పక్షులు దూరకుండా జల్లెడ పెట్టించండి.

ఇక మేస్త్రీ చెప్పిన రెండు రోజుల పనికి వద్దాం. నోరు 42 అంగుళాలు, ఇన్సర్ట్ పలక 36. రెండు పక్కలా అర ఇటుక చొప్పున, అంటే నాలుగున్నర అంగుళాల గోడ లేపితే మిగిలే ఖాళీ 33 అంగుళాలు. పలక రెండు వైపులా ఒకటిన్నర అంగుళం గోడ మీద ఆనుతుంది. ఎత్తులో మాత్రం నోరూ పలకా రెండూ 36 కావడంతో పైన ఆనడానికి ఏమీ లేదు. పొయ్యి గద్దెను 3 అంగుళాలు లేపితే ఆ సమస్య కూడా తీరుతుంది. గద్దె మంట నోటికి ముందు కనీసం 20 అంగుళాలు, రెండు పక్కలా 6 అంగుళాలు బయటికి రావాలి, ఎందుకంటే ఎగిరిపడే నిప్పురవ్వ ఎంత దూరం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

గద్దెకు ఏం వాడాలని మీరు అడగలేదు కాని, కుప్పం గ్రానైట్ ఇంత దగ్గర ఉండగా మనసు అటు పోవడం సహజం. మన వైపు కొండ మీద బండను పలకలుగా లేపడానికి కట్టెలు పేర్చి మంట పెట్టే పద్ధతి మీరు చూసే ఉంటారు. నిప్పుతో లేచే రాయిని నిప్పు కిందే పరిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? మంట కింద, మంట వెనక ఫైర్ బ్రిక్స్, అంటే వేడిని తట్టుకునే ఇటుకలు మాత్రమే వాడండి. గ్రానైట్ మీద మోజు ఉంటే బయటి గద్దెకు వాడుకోవచ్చు. అయితే ఒకే పెద్ద పలకగా కాకుండా మూడు నాలుగు ముక్కలుగా కోయించి, కింద బోలు లేకుండా నిండుగా పరిపించండి. ఫైర్ బ్రిక్స్ దుకాణంలో ఐ.ఎస్. 8 రకం అని అడిగితే ఇస్తారు. బాయిలర్లకు, పోత కార్ఖానాలకు సామాను అమ్మే కొట్లు రాణిపేట వైపు దొరుకుతాయి. అది మీకు దూరమేమీ కాదు.

సిమెంటుతో బిగించడమన్న మాటే నాకు అన్నిటికంటే భయం కలిగించింది. మామూలు సిమెంటు 300 డిగ్రీలు దాటితే బలం కోల్పోతూ పొడిబారుతుంది, అది ఒక సంగతి. అంతకంటే ముఖ్యం, పోత ఇనుము వేడికి పెరుగుతుంది. మూడడుగుల పలక 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ 2 మిల్లీమీటర్లకు చోటు లేకుండా నలువైపులా సిమెంటు బిగిస్తే, వంగడం తెలియని ఆ లోహం పగలడం తప్ప ఇంకేం చెయ్యగలదు? నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక అతిథిగృహంలో ఇటువంటి పలకనే దగ్గరుండి సిమెంటులో పూడ్పించి, మూడో రోజు మంట వేయించాను. రాత్రి తొమ్మిదింటికి తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది. పలక మధ్య నుంచి పై దాకా చీలిపోయింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి పలకకూ గోడకూ మధ్య వేడిని తట్టుకునే సిరామిక్ ఫైబర్ తాడు పెట్టి, పక్కనున్న చెవులను మరలతో గోడకు పట్టించి, మరలను చివరిదాకా బిగించకుండా వదిలిపెట్టాలి. వెనక పలకకు అట్టపెట్టెలకు వాడే ముడతల అట్ట ఒక పొర అంటించి, దాని వెనక ఖాళీని, నర్సరీల్లో మొక్కల మట్టిలో కలిపే వెర్మిక్యులైట్ 6 పాళ్ళు, సిమెంటు 1 పాలు కలిపిన మెత్తని మిశ్రమంతో నింపాలి. అట్ట కాలిపోయాక మిగిలే సందే ఇనుము సాగడానికి చోటు. ఆ నింపుడు పైభాగాన్ని నున్నగా, ఏటవాలుగా స్టీలు గొట్టం నోటికి కలిపెయ్యాలి. వాలు నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి పడుకోకూడదు. అక్కడ బల్లపరుపుగా అరుగు మిగిలితే మసి అంతా దాని మీదే కూర్చుంటుంది. గొంతు దగ్గరి మూత చేత్తో ఊడదీయడానికి వీలుగా ఉండాలి, లేకపోతే ఏటా బ్రష్ దింపే దారి ఉండదు.

వెనక పలకలో పగులు ఉందన్నారు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు చిన్న సుత్తితో పలకను అక్కడక్కడా తట్టండి. ఖంగుమంటే ఆ భాగం బాగున్నట్టు, మొద్దుగా పలికితే పగులు అక్కడిదాకా పాకినట్టు. సన్నని పగులును వేడిని తట్టుకునే ఫైర్ సిమెంటుతో పూడ్చవచ్చు, పెద్దదైతే ఆ పలక ముందు ఫైర్ బ్రిక్స్ నిలబెట్టి దాన్ని మంట నుంచి కాపాడవచ్చు. మామూలు వెల్డింగు పోత ఇనుముకు పట్టదు. ట్రాక్టరు ఇంజను బ్లాకులు అతికేవారు నికెల్ కడ్డీతో, ముందుగా కాచి, మెల్లగా చల్లారనిచ్చి చేస్తారు. పాత వస్తువు కనుక రంగులో సీసం, సందులు మూసే తాళ్ళలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకించకండి, తడిపి తీయించండి. పైన వేడిని తట్టుకునే నల్ల రంగు వెయ్యాలి. వాకిలి గ్రిల్లుకు వేసే ఎనామిల్ రంగు మొదటి మంటకే కాలి ఇల్లంతా కంపు కొడుతుంది.

పని పూర్తయ్యాక కనీసం రెండు వారాలు ఆగి, మొదటి నాలుగైదు మంటలు గుప్పెడు పుల్లలతో అరగంటకు మించకుండా వెయ్యండి. వేడిగా ఉన్న ఇనుము మీద నీళ్ళు ఎన్నడూ చల్లవద్దు; కాలిన దోసె పెనం మీద చెంబుడు చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇంట్లో ఆడవారిని అడిగితే చెబుతారు.

ఇందువల్లనే ఈ పని భోగికి ముందు వద్దంటున్నాను. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. గోడలు తడి, కట్టెలు తడి. ఫిబ్రవరి, మే నెలల మధ్య పని పెట్టుకుంటే నింపుడు బాగా ఆరుతుంది, కట్టెలు కూడా అప్పుడే కొట్టించి గాలి తగిలే చోట, వాన పడని కప్పు కింద పేర్చుకోవచ్చు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉంటుంది. అది కాలినప్పుడు వచ్చే ఆవిరి, పొగ కలిసి గొట్టంలో తారుగా పేరుకుంటాయి, ఒకనాటికి ఆ తారే అంటుకుంటుంది. కట్టెలో తేమ 20 శాతానికి తగ్గాలి. తుమ్మ, చింత, సరుగుడు మంచి సెగనిస్తాయి. తోటలో కొట్టిన మామిడి కొమ్మలు కూడా ఏడాది ఎండితే పనికి వస్తాయి. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ పూత ఉన్న అట్టపెట్టెలు మాత్రం అందులో వెయ్యకూడదు. బూడిదను మూతగల ఇనుప బకెట్లోనే తీయండి. ఆరిందనుకున్న బూడిదలో మర్నాటికీ నిప్పు బతికి ఉంటుంది.

చివరిగా అమ్మగారి సంగతి. తెరిచిన పొయ్యిలో పుట్టిన వేడిలో పది నుంచి ఇరవై శాతం మాత్రమే గదికి దక్కుతుంది, మిగిలినది పైకి పోతుంది. పోతూపోతూ గదిలోని గాలిని కూడా లాక్కుపోతుంది, ఆ లోటు తీర్చడానికి తలుపు సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది. మంటకు ఎదురుగా కూర్చున్నవారికి హాయిగా ఉంటుంది, వారి వీపుకు మాత్రం చలి తగ్గదు. ఆయాసం ఉన్న పెద్దావిడ గదిని వెచ్చగా ఉంచడానికే ఈ ఏర్పాటు అయితే నేను ఒప్పుకోను. ఆమె పడక గదికి ఆయిల్ నింపిన ఎలక్ట్రిక్ హీటరు కొనండి. అందుకు కాకుండా, సాయంత్రం గంటో రెండు గంటలో అందరూ హాలులో కూర్చోవడానికైతే ఈ ఇన్సర్ట్ చక్కగా పనికి వస్తుంది, కాని పొగ కొంచెం గదిలోకి వచ్చినా ఆమెను లేవదీసి బయటికి తీసుకువెళ్ళండి. మంట వేసినప్పుడు, గొట్టం వైశాల్యంలో కనీసం సగం గాలి వచ్చేటట్టు, అంటే మీ లెక్కలో 25 చదరపు అంగుళాలు, ఒక కిటికీ తెరిచి ఉంచాలి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ సమయంలో వేయకూడదు. తలుపులు మూసిన ఇంట్లో అది పొగగొట్టంలోని గాలిని కూడా వెనక్కి లాగేస్తుంది. హాలులో ఒకటి, అమ్మగారి గదిలో ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టండి, నిప్పు పూర్తిగా చల్లారే దాకా గొంతు మూత వెయ్యకండి. గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్నవారు తెల్లవారి లేవకపోవడం మనం చలికాలాల్లో వింటూనే ఉన్నాం.

ఈ భోగికి మంట వాకిట్లోనే వేసుకోండి. ఇన్సర్ట్‌ను నూనె గుడ్డతో తుడిచి, నేల మీద పడుకోబెట్టకుండా చెక్కల మీద నిలబెట్టి, గోడకు ఆనించి తాడుతో కట్టి ఉంచండి. అది ఎంత లేదన్నా నలుగురు మోసే బరువు, పిల్లలు పట్టుకుని లాగితే మీదికి వాలుతుంది. దూలాల సంగతి తేలాక, పొయ్యికీ పొగగొట్టం పక్కన చెక్కిన చోటికీ ఫోటోలు తీసి పంపితే స్టీలు గొట్టం ఎక్కడ ఎలా ఆపాలో మళ్ళీ రాస్తాను.